పద్నాలుగో నెల

మా మామ నాగరాజు, అంగడి యజమాని హనుమప్ప చొక్కా కాలరు పట్టుకుని పట్టుచీరల బీరువాకేసి ఒక్క తోపు తోశాడు. అద్దం పగల్లేదు గానీ, పైనున్న అట్టపెట్టెలు మూడు దొర్లి హనుమప్ప భుజం మీద పడ్డాయి. ఒకదాన్లోంచి మామిడిపిందెల అంచు చీర జారి నేలంతా పరుచుకుంది. దాని మీద మామ చెప్పుకాలు.

"మా అక్క దుడ్లు యాడ పెట్టినావో చెప్పు."

"నేను తినలేదప్పా నాగరాజూ. చెక్కు తిరిగొచ్చింది. ఇదిగో, బ్యాంకోళ్ళ కాయితం."

"కాయితాలు నాకు చూపీగాకు. రైలు పట్టాల మీద సుత్తితో కొట్టేటోణ్ణి నేను. నాకు చదివేది రాదు, కొట్టేదే వచ్చు."

ధర్మవరం బజారులో అంగడి ముందు అప్పటికే జనం పోగయ్యారు. చీర బేరానికొచ్చిన ఇద్దరాడవాళ్ళు గోడకు అతుక్కుపోయారు. నేను వాకిట్లో నిలబడి ఉన్నాను. చేతిలో ఖాళీ రెగ్జిన్ సంచి. అందులో ఎనభై ఆరు వేలు పెట్టుకుని సాయంత్రం రైలుకు హిందూపురం పోవాలి. మర్నాడు పొద్దున్నే అమ్మను బెంగుళూరు ఆసుపత్రిలో చేర్చాలి. వచ్చింది అందుకే.

హనుమప్ప మామతో మాట మాని నా వైపు చూశాడు. "పాపా, నువ్వు చదువుకున్నదానివి. ఏం రాసిందో చదివి మీ మామకు నువ్వే చెప్పు తల్లీ."

కాయితం అందుకున్నాను. దానికి గుండుసూదితో గుచ్చి మా చెక్కు ఉంది.

అది 1999 నవంబరు మొదటి వారం. అప్పటికి ఆ చెక్కు మా బతుకుల్లోకి వచ్చి ఆరు నెలల పైన అయింది.

*

ఏప్రిల్ ఆఖర్లో వచ్చిందది. హిందూపురం మార్కెట్ యార్డులో చింతపండు దిగే కాలం. మా నాయన కొండప్ప అక్కడ హమాలీ. మూటకు రూపాయి. పొద్దుగూకి ఇంటికొస్తే ఆయన కంటే ముందు చింతపండు వాసన వాకిలి దాటి వచ్చేది.

అంతకు నెల ముందే అమ్మకు ఎడమ రొమ్ములో గడ్డ ఉందని తేలింది. బెంగుళూరు డాక్టరు ఆపరేషను, ఆ తర్వాత కరెంటు పెట్టేది, మందులు అన్నీ కలిపి డెబ్బై ఎనభై వేలవుతుందన్నాడు. "తొందరగా రండి" అన్నాడు. తొందరంటే ఎన్ని రోజులో ఆయన చెప్పలేదు, మేము అడగలేదు.

ఆ రాత్రే నేను ఎలెనమ్మకు ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. ఎలెనమ్మంటే హెలెన్, అమెరికా నర్సు. పెనుకొండలో పదేళ్ళు చిన్న వైద్యశాల నడిపింది. ఆ పదేళ్ళూ ఆమె దగ్గర ఆయా మా అమ్మ వెంకటమ్మ. వైద్యశాల మూతపడి ఆమె దేశానికి వెళ్ళిపోయాక కూడా ఏడాదికో కార్డు వచ్చేది. అమ్మ వాటిని బియ్యం డబ్బా మీద వరసగా నిలబెట్టేది.

ఈసారి కార్డులోంచి చెక్కు జారిపడింది.

"ఎంతమ్మా?" అన్నాడు నాయన.

"రెండు వేల డాలర్లు నాయనా. మన లెక్కలో ఎనభై ఆరు వేలు."

నాయన నిలబడ్డచోటే గొంతుక్కూర్చున్నాడు. తలమీది తువాలు తీసి మొహం తుడుచుకున్నాడు. చెమటకో, ఇంకెందుకో.

కార్డులో రెండే ముక్కలు. "డియర్ భవానీ, మీ అమ్మను వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళు. దయచేసి ఆలస్యం చేయవద్దు." ఇంట్లో, వీధిలో అందరికీ నేను పాపనే. నా పేరు పెట్టి పిలిచేది ఎలెనమ్మ ఉత్తరాలొక్కటే. అమ్మ మాత్రం పక్కింటోళ్ళ దగ్గర గొప్పలు పోవాలనుకున్నప్పుడు "మా భవాని బీకాం" అనేది.

చెక్కు మీద తేదీ చూశాను. 04/08/1999.

"ఆగస్టు నాలుగో తేదీ వేసింది" అన్నాను.

"ఇంకా ఏప్రిలు గదా?"

"ముందు తేదీ వేసిన చెక్కు నాయనా. ఆ తేదీ వచ్చేదాకా బ్యాంకులో వెయ్యగూడదు. వేస్తే తిరిగొస్తాది. తిరిగొస్తే దండగ కట్టేది మనమే."

ఇదంతా నా పుస్తకంలో ఉంది. ఆ పాఠం మీద పరీక్ష రాసి పది రోజులు కాలేదు.

నాయన చదువుకోలేదు గానీ లెక్క తప్పడు. "ఆలస్యం చెయ్యొద్దని రాస్తాది, దుడ్లేమో ఆగస్టుకు రాస్తాది. ఇదేం తిరకాసే?"

"ఆమెకు పింఛను వచ్చేది అప్పుడేమో నాయనా. అంతదాకా ఖాతాలో ఉండవేమో."

నాకేమీ తెలియదు. తెలియదని చెప్పడం చేతగాక ఒక కారణం పుట్టించాను. అది ఎంత సులువుగా నోట్లోంచి వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది. నాయన తలూపాడు.

అమ్మ వంటింట్లోంచి ఊరిబిండి రుబ్బుతున్న చేత్తోనే వచ్చింది. "ఏదీ, ఇట్లియ్యి. ఎలెనమ్మ రాత రవంత చూస్తా."

"కారం చేతులమ్మా! మరక పడితే చెల్లదు."

"అంకెలన్నా చూడనీవే. ఆమె రాసే అంకెలు నాకు తెలుసు."

"అంకెలేగదమ్మా. నాకు రావా?"

అమ్మ నవ్వింది. "వస్తాయిలే తల్లీ. బీకాం చదివేదానికి రాకుంటే, మందుల డబ్బాలు తుడిచినదానికి వస్తాయా" అని మళ్ళీ రోలు దగ్గరికి పోయింది.

చెక్కును పుస్తకంలో పెట్టి, పుస్తకాన్ని ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాను.

*

బ్యాంకుకు ఒకసారి పోయాను. మే నెలలో. చెక్కు తీసుకెళ్ళలేదు. నలిగిపోతుందని, దారిలో పోతుందని భయం. కౌంటరు వెనకున్న సారు మంచివాడే. ఓపికగా చెప్పాడు.

"ఫారిన్ చెక్కంటే కలెక్షనుకు పంపాలమ్మా. మా కమిషను, పోస్టేజి, బొంబాయి వాళ్ళది, ఆ దేశం బ్యాంకు పట్టుకునేది... మూడు వేలకు తక్కువ పోదు. నెలన్నర, రెండు నెలలు పడుతుంది. తిరిగొస్తే ఆ చార్జీలు వేరే. డేటెప్పటిది?"

"ఆగస్టు నాలుగు సార్."

"అయితే అప్పుడే పట్రా. ఇప్పుడేం పని?"

చెక్కు నా చేతిలో ఉండుంటే ఆయన చూసేవాడు. చూసుంటే ఏమయ్యేదో నేను ఎన్నిసార్లు ఊహించుకున్నానో లెక్కలేదు. ఆయన కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, చెక్కు వెలుతురుకు పట్టి, "ఇది అమెరికా చెక్కు గదమ్మా" అనడం. అంతే. అక్కడితో ఆగిపోతుంది ఊహ.

ఇంటికొచ్చి మూడు వేలని చెప్పాను. నాయన రెండు చేతులూ వెనక్కి పెట్టి నడుము పట్టుకున్నాడు. మూడు వేలంటే మూడు వేల మూటలు. ఆ వీపు మీదే.

యార్డులో మండీ షావుకారు కావాలంటే ఆపరేషనుకు అప్పిస్తానన్నాడు. నేనే వడ్డీ లెక్క కట్టి చూపించి వద్దన్నాను. "నాలుగు నెలల్లో మన దుడ్లే వస్తాయి గదా నాయనా." నాయన షావుకారుతో గర్వంగా చెప్పొచ్చాడు, "మా పాప వద్దనింది" అని.

ఆ యేడు ఊరంతా వాన కోసం ఎదురుచూసింది. మేము ఆగస్టు నాలుగు కోసం ఎదురుచూశాం. రొళ్ల వైపు నుంచి బండ్లలో వచ్చిన రైతులు చెనిక్కాయ విత్తనం వేసి ఆకాశం చూస్తూ కూర్చున్నారని నాయన చెప్పేవాడు. నేను క్యాలెండరులో రోజుకో గీత కొట్టేదాన్ని. అమ్మ ఎవరడిగినా ఒకటే మాట, "నొప్పేమీ లేదు."

జూన్‌లో ఆమె బిందె కుడి చంకకు మార్చుకుంది. జూలైలో జుట్టు ముడి వేసుకోవడానికి నన్ను పిలిచింది. "నీకు అలవాటవ్వాల గదా" అంది. నేను ముడి వేశాను. ఆమె ఎడమ చెయ్యి పైకి లేవడం లేదని అప్పుడు గమనించనే లేదు.

*

హనుమప్ప మాట తెచ్చింది నాగరాజు మామే. అమ్మకు తమ్ముడు. పెనుకొండలో రైల్వే గ్యాంగుమన్ను.

"మూడు వేలు బ్యాంకుకు యాల పొయ్యాల? ధర్మవరంలో హనుమప్ప ఉండాడు. లండన్‌కు పట్టు పంపిస్తాడు. మూడు నెలలకొకతూరి ఆయనకొచ్చిన చెక్కులన్నీ ఒకే కట్టగా బెంగుళూరులో వేస్తాడు. కట్టకంతా ఒకటే చార్జీ. మన చెక్కొకటి మధ్యలో దూరిస్తే ఎవురికి నొప్పి? పుట్టపర్తికొచ్చే లండన్ తెల్లోళ్ళు ఇచ్చిన చెక్కులు కొత్తచెరువు ఆటోవాళ్ళు ఆయప్పకే ఇస్తారు. పైసా తీసుకోడు."

ఆగస్టు నాలుగు పొద్దున ప్యాసింజరులో బయల్దేరాం, అమ్మా నేనూ. పెనుకొండలో మామ ఎక్కాడు. అమ్మను చూసి, "ఏమక్కా, లచ్చాధికారివైనావు. ఇంగ మాతో మాట్లాడతావో లేదో" అన్నాడు.

"మాట్లాడతా గానీ దూరంగా కూర్చో. నీ దగ్గర గ్రీసు వాసన."

"ఎలెనమ్మ దగ్గర సెంటు పూసుకుని తిరిగినదానివి, నీకు గ్రీసు వాసనే గదా."

"సెంటు గాదురా, అది డెట్టాలు" అని అమ్మ పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ చంక కింద చెయ్యి పెట్టుకుని ఒక క్షణం కళ్ళు మూసుకుంది. రైలు కుదుపనుకున్నాను.

హనుమప్ప అమ్మను చాప మీద కాదు, తన గద్దె మీద కూర్చోబెట్టి మజ్జిగ తెప్పించాడు. సన్నగా, పొడుగ్గా, చెవి వెనక పెన్సిల్ పెట్టుకుని ఉంటాడు. చెక్కు అటూ ఇటూ తిప్పాడు.

"డేటు ఈ పొద్దుటిదే. నా కట్ట సెప్టెంబరు ఆఖరుకు పోతుంది. పొయ్యేలోపల దీనికేం గడువు దాటదు గదా పాపా?"

"దాటదు సార్. తేదీ నుంచి ఆర్నెల్లు చెల్లుతాది. ఫిబ్రవరి దాకా భయం లేదు."

"అయితే సరే. వెనక మీ అమ్మ నిశానీ కావాల, నాకు రాసిచ్చినట్టు."

చెక్కును బోర్లా తిప్పి బల్ల మీద పెట్టాడు. నేనే అమ్మ బొటనవేలు పట్టుకుని సిరాదిండు మీద అద్ది, చెక్కు వీపు మీద ఒత్తాను. అమ్మకు కనబడింది ఆ తెల్లటి వీపొక్కటే. ముందువైపు ఆమె చూడలేదు. నేను చూడనివ్వలేదు. వేలు తీసేలోపే ఊది ఆరబెట్టి హనుమప్ప చేతికిచ్చాను.

"నీకేమన్నా ఇయ్యాలేమో చెప్పప్పా" అంది అమ్మ.

"నాకేమొద్దక్కా. బాగై వచ్చి నా అంగట్లో ఒక చీర కొను చాలు."

"కొంటా. ఆ మామిడిపిందెలది ఎవురికీ అమ్మగాకు" అంది అమ్మ, బీరువా వైపు చూపిస్తూ.

*

ఆ చీర మీదే ఇప్పుడు మామ చెప్పుకాలు ఉంది.

కాయితంలో కారణాల వరసలో ఒక్కదాని పక్కనే గీటు. స్టేల్ డేటెడ్. చెల్లుబాటు గడువు దాటిన చెక్కు.

అది తప్పు. ఆగస్టు నాలుగు నుంచి ఆర్నెల్లంటే ఫిబ్రవరి. ఇది నవంబరు. బ్యాంకు పొరబడింది, గట్టిగా అడగాలి, తిరిగి పంపాలి అనుకున్నాను. ఒక్క క్షణం నాకు ధైర్యం కూడా వచ్చింది. చెక్కు సూదిలోంచి విడదీసి చూశాను. ఎర్రసిరాతో న్యూయార్కు బ్యాంకు ముద్ర. దాని మీద చెక్కు అందిన తేదీ.

10/14/99.

పదో తేదీ. పద్నాలుగో నెల.

పద్నాలుగో నెల ఎక్కడుంది?

అంగడి శబ్దం ఆగిపోయినట్టయింది. మామ నోరు కదులుతోంది. హనుమప్ప నోరు కదులుతోంది. నేను మళ్ళీ చదివాను. పది. పద్నాలుగు. అక్టోబరు పద్నాలుగు. వాళ్ళు నెల ముందు రాస్తారు. తేదీ తర్వాత రాస్తారు.

కళ్ళు పైకి పోయాయి. 04/08/1999. నీలం సిరా, ముసలి చేతి వణుకు.

ఏప్రిల్ ఎనిమిది.

ఆమె ఉత్తరం చదివిన రోజే రాసింది. చెక్కు మా ఇంటికొచ్చిన రోజే చెల్లుతుంది. ఆర్నెల్లు అక్టోబరు ఎనిమిదికి అయిపోయాయి. చెక్కు న్యూయార్కు చేరింది పద్నాలుగున. ఆరు రోజులు. హనుమప్ప ఎరిగినవి లండన్ చెక్కులు. వాళ్ళు మనలాగే తేదీ ముందు రాస్తారు. ఆయనకు అనుమానం రాలేదు. వచ్చిన కాస్త అనుమానానికీ ఫిబ్రవరి దాకా భయం లేదని నేనే జవాబు చెప్పాను.

"ఏం రాసినారు పాపా?" అన్నాడు మామ.

"చెల్లదంట మామా."

"యాల చెల్లదు?"

"ఆలస్యమైందంట."

"ఆలస్యం చేసిందెవురు?"

అంగట్లో ఉన్న వాళ్ళంతా హనుమప్ప వైపు చూశారు. ఆయన కూడా ఒక క్షణం ఆలోచించి తల దించుకున్నాడు. "నా దగ్గర రెండు నెలలు పడి ఉండేది నిజమే నాగరాజూ. కట్ట కోసం ఆపినా. ఆపకుంటే పొయ్యేదేమో."

అప్పుడే చెప్పుండాలి. నోరు తెరిచాను కూడా. అంతలోనే మామ చెయ్యి లేచింది. చెంపదెబ్బకు హనుమప్ప చెవి మీది పెన్సిల్ ఎగిరి నా కాళ్ళ దగ్గర పడింది.

వంగి పెన్సిల్ తీసి బల్ల మీద పెట్టాను. నేను చేసింది అంతే.

*

ఇంటికొచ్చేసరికి అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. నాయనకు మామ అంతా చెప్పాడు. హనుమప్పను తిట్టి, బ్యాంకులను తిట్టి, ఇద్దరూ మండీ షావుకారు ఇంటికి అప్పు కోసం పోయారు.

"చెక్కు తెచ్చినావా?" అంది అమ్మ.

ఇచ్చాను. ఈసారి కారం చేతులని అనలేదు.

బోర్లా ఉన్న చెక్కు మీద మొదట తన నిశానీ చూసుకుంది. తర్వాత తిప్పింది. చదవడం రాని మనిషి. కానీ అంకెల దగ్గర ఆమె వేలు ఆగింది.

"ఏప్రిలు ఎనిమిది" అంది.

నేను గోడకు ఆనుకున్నాను.

"ఎలెనమ్మ నెల ముందు రాస్తాది పాపా. కొత్తలో నాకు తెలీక, కాలం దాటినాయని మంచి మందులు ఒక డబ్బా గుంతలో పారేసినా. అప్పుడు నన్ను కూర్చోబెట్టి నేర్పించింది. ముందు నెల, తర్వాత తేదీ. పదేండ్లు అట్లే డబ్బాలు సర్దినా." ఇంకా ఏదో చెప్పబోయి నా మొహం చూసి ఆగిపోయింది.

"అమ్మా..."

"గమ్మునుండు."

"అమ్మా, నేనే..."

"గమ్మునుండమంటి గదా." కుడి చేత్తో నన్ను దగ్గరికి లాక్కుంది. ఎడమ చెయ్యి ఒళ్ళోనే పడి ఉంది. "మీ నాయనకు చెప్పొద్దు. మీ మామకు అసలే చెప్పొద్దు. మామ కోపం రెండు దినాలుంటాది, హనుమప్ప మగోడు, ఓర్చుకుంటాడు. నువ్వు ఓర్చుకోలేవు. ఈ ఇంట్లో నీ మొహం చూసినప్పుడల్లా వాళ్ళకు ఇదే గుర్తుకొస్తే నువ్వెట్ల బతుకుతావు? చదువు మానుకుంటావు. నాకు తెలుసు నిన్ను. నా మీద ఒట్టెయ్యి."

"నేను వెయ్యను."

నా చెయ్యి పట్టి తన తల మీద తానే పెట్టుకుంది. ఆగస్టులో నేను ఆమె వేలు పట్టుకుని ఒత్తినట్టే.

*

అప్పు పుట్టింది. బెంగుళూరు పోయాం. డాక్టరు పాత కాగితాలూ కొత్త ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూశాడు. "మార్చిలో చెప్పాను కదా" అన్నాడు. ఆ తర్వాత మాటలన్నీ నాయనతో కన్నడంలో మాట్లాడాడు. బయటికొచ్చాక నాయన నాకు అనువాదం చెయ్యలేదు. నాకూ కన్నడం వచ్చు.

ఎలెనమ్మకు మళ్ళీ రాశాను. డిసెంబరులో ఆమె మేనకోడలి దగ్గర్నుంచి జవాబు వచ్చింది. అత్త అక్టోబరులో పోయింది, ఆఖరి రోజుల్లో కూడా వెంకటమ్మకు ఆపరేషను అయిందా అని అడిగేది అని రాసింది. ఆ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. కాకపోయినా అయిందని రాయమంది. రాశాను.

ఈలోగా మామ ఊరుకోలేదు. హిందూపురం నుంచి ధర్మవరం దాకా ప్రతి ప్యాసింజరులోనూ చెప్పాడు, హనుమప్ప చావుబతుకుల్లో ఉన్న ఆడమనిషి దుడ్లు మింగాడని. కొత్తచెరువు ఆటోవాళ్ళు ఆయనకు చెక్కులివ్వడం మానేశారు. మగ్గాలవాళ్ళు అంగడి మెట్టెక్కడం మానేశారు. ఒకనాడు ఎవరో బీరువా అద్దం పగలగొట్టారు. అయినా ఆయన రెండుసార్లు హిందూపురం వచ్చి నాయన చేతిలో మందులకని ఐదేసి వేలు పెట్టిపోయాడు. "తప్పు చెయ్యకుంటే యాల ఇస్తాడు?" అన్నాడు మామ. ఆ మాటకు జవాబు తెలిసింది ఇద్దరికే, అమ్మకూ నాకూ.

ఆయన వచ్చిన రెండుసార్లూ నేను వంటింట్లోంచి బయటికి రాలేదు.

డిసెంబరు పద్దెనిమిది మధ్యాహ్నం అమ్మ పోయింది. పోయేముందు ఆమెకు మాట సరిగా రావడం లేదు. నా వైపు చూసి, పెదవుల మీద వేలు పెట్టుకుంది. నీళ్ళడుగుతోందనుకుని నాయన గ్లాసు అందించాడు.

*

పదకొండో దినం వాకిట్లో పందిరి వేశారు. విస్తళ్ళు వేసే వేళకు హనుమప్ప వచ్చాడు. పందిరి గుంజ దగ్గరే ఆగిపోయాడు. రెండు నెలల్లో పదేళ్ళు మీదపడ్డట్టున్నాడు. చేతిలో కాగితం పొట్లం. దాన్ని నాయన కాళ్ళ దగ్గర పెట్టి విప్పాడు. మామిడిపిందెల అంచు చీర. ఉతికించాడు గానీ ఒక మూల చెప్పుమరక ఇంకా పోలేదు.

"ఎవురికీ అమ్మొద్దనింది అక్క" అన్నాడు. "అమ్మలేదు. పటం దగ్గర పెట్టుకోండి కొండప్పా."

మామ విస్తరి దగ్గర్నుంచి లేచాడు. ఒక్క అంగలో వచ్చి చీరను కాలితో తన్నాడు. "సిగ్గుందా నీకు? మా అక్కను చంపి, చీర తెస్తావా? ఈడికి రావడానికి కాళ్ళెట్ల వచ్చినాయిరా నీకు?"

"కొట్టప్పా నాగరాజూ. కొడితే కొట్టు. నేను ఆలస్యం చేసిన మాట నిజమే. నాకు నిద్ర రాదు."

ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కొట్టించుకోవడానికే వచ్చిన మనిషిలా. పందిట్లో ఒక్కరూ అడ్డు రాలేదు. నాయన కూడా. నాయన తువాలు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూస్తున్నాడు. మామ పందిరికి వాడగా మిగిలిన వెదురుకర్ర అందుకున్నాడు.

గోడ మీద అమ్మ పటం. బొట్టు పెద్దగా పెట్టారు. గమ్మునుండు అంటోంది.

నేను వెళ్ళి ఇద్దరికీ మధ్య నిలబడ్డాను.

"పక్కకు పో పాపా."

"కర్ర దించు మామా. ఆలస్యం చేసింది ఆయప్ప కాదు."

"మరెవురు? బ్యాంకోడా?"

"కాదు. చెక్కు ఏప్రిల్లోనే చెల్లేది. తేదీ తప్పు చదివినారు. చదివి, ఆగస్టు దాకా పెట్టెలో దాచినారు. అప్పు వద్దనినారు. అమ్మ చూస్తానంటే చూడనియ్యలేదు. ఫిబ్రవరి దాకా భయం లేదని ఈయప్పకు చెప్పి మోసం చేసినారు. అమ్మకు తెలుసు. అమ్మే చెప్పొద్దనింది."

నాయన తువాలు దించాడు. ఏప్రిల్‌లో తిరకాసేమిటని అడిగినప్పటి చూపే, నా మొహం మీద. ఆయన లెక్క తప్పడు. ఆయనకు జవాబు అప్పటికే వచ్చేసింది. అయినా నా నోట వినాలని చూస్తున్నాడు, వినకుండా ఉంటే బాగుండునని చూస్తున్నాడు.

మామకు రాలేదు. కర్ర ఇంకా గాల్లోనే ఉంది. "ఎవురో చెప్పు. పేరు చెప్పు పాపా. వాణ్ణి ఈడనే పాతి పెడతా."

"వాడు కాదు మామా" అన్నాను. "భవాని."